స్కూలు గుమ్మంలో మెటల్ డిటెక్టర్: ఓ పాత యంత్రం కథ

పోయిన ఆదివారం అక్కావాళ్ళింటికి భోజనానికెళ్ళాను. వాళ్ళుండేది అట్లాంటాకి ఉత్తరాన, వీధికి నాలుగైదు తెలుగు కుటుంబాలైనా ఉండే శివారు ఊళ్ళలో ఒకటి. భోజనాలయ్యాక బావగారు లాప్‌టాప్ నా ముందుకు తోసి, "నువ్వు సాఫ్ట్‌వేర్ వాడివి కదా, దీనికేం పెట్టాలో చెప్పవోయ్" అన్నారు. మేనకోడలి స్కూలు వాళ్ళు తల్లిదండ్రులకు పంపిన ప్రశ్నల జాబితా అది. అందులో ఒక ప్రశ్న: అన్ని పబ్లిక్ స్కూళ్ళలోనూ ఆయుధాలను కనిపెట్టే యంత్రాలు తప్పనిసరి చెయ్యాలా? అవును, కాదు, చెప్పలేను.

(ఇండియాలో ఉండి చదివేవాళ్ళ కోసం: ఇక్కడ పబ్లిక్ స్కూలంటే సర్కారు బడి. మనవాళ్ళు దాదాపు అందరూ పిల్లల్ని పంపేది అక్కడికే. స్కూలు రేటింగు చూసుకుని మరీ ఇళ్ళు కొనేది అందుకే.)

నేను క్షణం కూడా ఆలోచించలేదు. "అవును కొట్టెయ్యండి బావగారూ, ఇందులో అడగడానికేముంది?" అన్నాను. 2024 సెప్టెంబర్ 4న కాల్పులు జరిగిన అపలాచీ హైస్కూలు వాళ్ళింటికి గంట ప్రయాణం. ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు పోయారు. కాల్చింది పద్నాలుగేళ్ళ పిల్లాడు. ఆ రోజు అక్క ఆఫీసులోంచి స్కూలుకి పరిగెత్తింది, తన కూతురి స్కూలు అది కాదని తెలిసి కూడా. అలాంటప్పుడు యంత్రం పెట్టాలా వద్దా అని అడగడమేంటి?

సోఫాలో ఫోను చూసుకుంటున్న మేనకోడలు తల కూడా ఎత్తకుండా, "మామయ్యా, అది మెయిన్ డోర్ దగ్గర పెడతారు. నేను లేటైతే జిమ్ పక్క డోర్ నుంచి వెళ్తాను. కొడితే లోపలున్నవాళ్ళెవరో ఒకళ్ళు తీస్తారు" అంది.

తొమ్మిదో క్లాసు పిల్ల. ఒక్క వాక్యంలో నా డిజైన్లో బగ్గు పట్టేసింది :) బావగారు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఏడేళ్ళుగా ఇదే ఉద్యోగం చేస్తూ, రిక్వైర్‌మెంట్ ఏంటో అడక్కుండా సొల్యూషన్‌కి ఓకే చెప్పేశానా అనిపించింది. ఈ వారమంతా ఆఫీసు నుంచి రాగానే అదే చదువుతూ కూర్చున్నాను. అసలీ యంత్రం స్కూలు గుమ్మంలోకి ఎలా వచ్చింది? ఎవరు, ఏ సమస్యకని తెచ్చారు? తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కథ 1881లో మొదలవుతుంది. ఆ ఏడు జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషన్లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద ఒకడు కాల్పులు జరిపాడు. గుండు ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకు దొరకలేదు. ఎక్స్‌రే అప్పటికింకా పుట్టలేదు. అప్పుడు టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకొచ్చి, లోహం దగ్గరికి వస్తే చప్పుడు చేసే పరికరాన్నొకదాన్ని తయారుచేశాడు. ప్రయోగాల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. అధ్యక్షుడి మీద మాత్రం పనిచెయ్యలేదు. కారణాలు రెండు చెబుతారు. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు తీగలున్నాయి. రెండోది ఇంకా ముఖ్యం: గుండు కుడివైపే ఉందని పెద్ద డాక్టరుకి గట్టి నమ్మకం, కాబట్టి కుడివైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపు దొరికింది.

మన ఫీల్డులో వాళ్ళకి ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. యంత్రం బాగానే ఉంది. ఎక్కడ వెతకాలన్నది ముందే నిర్ణయించేసుకున్నారు.

తర్వాత గెర్హార్డ్ ఫిషర్ అనే జర్మన్ ఇంజినీరు అమెరికా వచ్చి, విమానాలకు దారి చూపే రేడియో పరికరాల మీద పనిచేస్తూ, భూమిలో లోహం ఉన్నచోట రీడింగులు తప్పుతున్నాయని గమనించాడు. ఆ తప్పునే వాడుకుని చేత్తో పట్టుకునే మెటల్ డిటెక్టర్ చేశాడు. 1937లో పేటెంటొచ్చింది. ఆ తర్వాత ఈ యంత్రం గనులకెళ్ళింది, రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలు వెతకడానికెళ్ళింది. దాని పని ఎప్పుడూ ఒకటే, లోహం ఉందో లేదో చెప్పడం. ఆ లోహం బంగారమా, బాంబా, బెల్టు బకిలా అన్నది మనిషి తేల్చుకోవాలి.

జనం మధ్యకి దాన్ని తెచ్చింది విమానాల హైజాకులు. 1968 నుంచి 1972 వరకు అమెరికాలో 130కి పైగా విమానాల్ని హైజాక్ చేశారు, లేదా చెయ్యబోయారు. చాలామంది క్యూబాకి తీసుకుపొమ్మనేవాళ్ళు. ప్రయాణికులందర్నీ తనిఖీ చేస్తే విమానం ఎవరూ ఎక్కరని ఎయిర్‌లైన్స్ చాన్నాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి 1973 జనవరి 5 నుంచి ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతిసంచినీ చూడాల్సిందేనని నియమం వచ్చింది. హైజాకులు టపటపా పడిపోయాయి. డిటెక్టర్ గెలిచిందని అందరూ అనుకున్నారు. నిజమే, చాలావరకు గెలిచింది. ఐతే మర్నెల ఫిబ్రవరిలోనే అమెరికా, క్యూబాల మధ్య హైజాకర్ల మీద చర్య తీసుకునే ఒప్పందం కూడా కుదిరింది. అంటే పారిపోయే చోటు కూడా మూసుకుపోయింది. ఒకే రిలీజులో రెండు ఫిక్సులు వెళ్ళాయన్నమాట. మంచి పేరు ఒకదానికే వచ్చింది.

ఆ పేరుతోనే అది స్కూలుకొచ్చింది. 1980ల మధ్యలో డెట్రాయిట్, 1988లో ఐదు హైస్కూళ్ళతో న్యూయార్క్ మొదలుపెట్టాయి. అప్పటి పరిస్థితి గుర్తుపెట్టుకోవాలి. పెద్ద నగరాల్లో క్రాక్ కొకైన్ వ్యాపారం, ముఠాలు, వీధుల్లో చవగ్గా దొరికే తుపాకులు. కుర్రాళ్ళ హత్యలు ఏడాదికేడాది పెరిగి 1993 ప్రాంతంలో తారస్థాయికి చేరాయి. పిల్లల్లో చాలామంది కత్తో తుపాకో జేబులో పెట్టుకుని బడికి రావడానికి కారణం ఎవర్నో చంపాలని కాదు, దారిలో ఎవరేం చేస్తారోనన్న భయం.

1992 ఫిబ్రవరి 26. బ్రూక్లిన్లో థామస్ జెఫర్సన్ హైస్కూలు. ఆ రోజు నగర మేయర్ డేవిడ్ డింకిన్స్ ఆ స్కూలుకి రావాల్సి ఉంది. ఆయన రాకముందే నడవాలో పదిహేనేళ్ళ కుర్రాడు ఇద్దరు తోటి విద్యార్థుల్ని కాల్చి చంపాడు. మూణ్ణెల్ల క్రితమే అదే స్కూల్లో ఇంకో పిల్లాడు కాల్పుల్లో పోయాడు. ఆ స్కూలు డిటెక్టర్ల పథకంలో ఉన్నదే. కాకపోతే తనిఖీ రోజూ ఉండేది కాదు, కొన్ని రోజుల్లోనే. ఆ రోజు లేదు. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇంకా చాలా స్కూళ్ళకి, రోజువారీ తనిఖీకి దారి పడింది.

మరి బడిపిల్లల్ని ఇలా వెతకడం రాజ్యాంగం ఒప్పుతుందా? దీనికి సమాధానం ఒక సిగరెట్ ప్యాకెట్ కేసుతో మొదలైంది. 1980లో న్యూజెర్సీలో పద్నాలుగేళ్ళ అమ్మాయి బడి బాత్రూములో సిగరెట్ తాగిందని హ్యాండ్‌బ్యాగు వెతికితే గంజాయి దొరికింది. 1985లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బడిలో వెతకడానికి పోలీసులకున్నంత గట్టి ఆధారం అక్కర్లేదు, సమంజసమైన అనుమానం ఉంటే చాలు అని. కానీ గుమ్మంలో డిటెక్టర్ పెట్టినప్పుడు ఏ పిల్లాడి మీదా విడిగా అనుమానం ఉండదు కదా, అందర్నీ చూస్తారు. 1992లో మన్‌హటన్లోని ఒక హైస్కూల్లో ఇలా కత్తితో దొరికిన అమ్మాయి కేసులో న్యూయార్క్ కోర్టు, ఇది నేరం పట్టుకోవడానికి చేసే సోదా కాదు, అందరి భద్రత కోసం చేసే తనిఖీ, కాబట్టి చెల్లుతుందంది. విమానాశ్రయం తర్కమే. 1994లో కేంద్రం ఇంకో చట్టం తెచ్చింది. బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది పాటు బయటికి పంపాలి, లేకపోతే రాష్ట్రానికి కేంద్రం నిధులు రావు. ఒక్కో కేసు చూసి సడలించే వీలు మాత్రం ఉంచారు.

ఇంతకీ యంత్రం పనిచేసిందా? ఇక్కడే నేననుకున్నది తప్పని తేలింది. పనికిరాదన్న రుజువులు దొరుకుతాయనుకున్నాను, పనిచేసిందన్న రుజువే ముందు దొరికింది. 1992లో న్యూయార్క్ హైస్కూలు పిల్లల మధ్య సర్వే చేసి, మరుసటి ఏడు 1993లో అమెరికా ఆరోగ్యశాఖకి చెందిన సీడీసీ అచ్చేసిన లెక్క ఇది. డిటెక్టర్లు లేని స్కూళ్ళలో బడి లోపలికి ఆయుధం తెచ్చామన్న పిల్లలు 13.6 శాతం. ఉన్న స్కూళ్ళలో 7.8 శాతం. దాదాపు సగానికి సగం తగ్గుదల. చిన్న విషయం కాదు.

ఐతే అదే సర్వేలో ఇంకో రెండు సంగతులున్నాయి. బడి సంగతి వదిలేసి, మొత్తమ్మీద ఎక్కడైనా ఆయుధం పట్టుకు తిరిగామన్నవాళ్ళు రెండు రకాల స్కూళ్ళలోనూ సమానమే. కొట్లాటలు, బెదిరింపులూ అంతే, తేడా లేదు. అంటే యంత్రం ఆయుధాన్ని గుమ్మం బయట ఆపింది. పిల్లాడి భయాన్ని ఆపలేదు, కోపాన్నీ ఆపలేదు. అదైనా మంచిదే. బడి లోపల గొడవైనప్పుడు చేతిలో కత్తి లేకపోతే ఒక ప్రాణం మిగులుతుంది.

ఇది 1992 నాటి సమస్య, దానికి 1992 నాటి సమాధానం. ఇక్కడిదాకా నాకేం పేచీ లేదు.

1999 ఏప్రిల్ 20న సమస్యే మారిపోయింది. కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పన్నెండు మంది పిల్లల్ని, ఒక టీచర్ని చంపి తామూ చచ్చిపోయారు. వీళ్ళు భయపడి జేబులో తుపాకీ పెట్టుకున్నవాళ్ళు కారు. నెలల తరబడి ప్లాను వేసుకుని, సంచుల్లో బాంబులు మోసుకుని, ప్రాణాల మీద ఆశ వదులుకుని వచ్చినవాళ్ళు. దేశమంతా హడలిపోయింది. ప్రతి ఊళ్ళోనూ మెటల్ డిటెక్టర్లు పెట్టాలన్న డిమాండు. పాత సమస్య కోసం తెచ్చిన సొల్యూషన్నే తీసి కొత్త సమస్యకి అతికించారు.

అది ఎందుకతకదో 2005 మార్చి 21న తెలిసింది. మిన్నెసోటాలో రెడ్ లేక్ అనే ఆదివాసీ ప్రాంతం. అక్కడి హైస్కూలు గుమ్మంలో మెటల్ డిటెక్టరుంది, కాపలాదార్లున్నారు, కానీ వాళ్ళ చేతుల్లో తుపాకుల్లేవు. పదహారేళ్ళ కుర్రాడు ఇంట్లో తాతని చంపి, పోలీసైన ఆయన ఆయుధాలే తీసుకుని స్కూలుకొచ్చాడు. గుమ్మం దగ్గర అడ్డుపడ్డ కాపలాదారుని కాల్చి, డిటెక్టర్ దాటుకుని లోపలికి నడిచాడు. ఇంకో ఐదుగురు విద్యార్థులు, ఒక టీచరు పోయారు. యంత్రం తన పని తాను చేసేదే, లోహం ఉందని చెప్పేదే. దాచుకోనివాడి దగ్గర తుపాకీ ఉందని చెప్పడానికి యంత్రమెందుకు?

2012లో శాండీ హుక్ బడిలో తలుపుకి తాళముంది, బయట బజరుంది, కెమెరా ఉంది. వచ్చినవాడు పక్కనున్న అద్దాన్ని కాల్చి లోపలికెళ్ళాడు. ఇరవై మంది పసిపిల్లలు, ఆరుగురు పెద్దలు బలయ్యారు.

ఇక్కడ కాస్త ఆగి ఒక లెక్క వేసుకుందాం. మేనకోడలి స్కూల్లో రెండువేల మంది పిల్లలనుకోండి. ఒక్కొక్కరికి ఆరు సెకన్లు, ఒకే గేటు. మొత్తం పన్నెండువేల సెకన్లు, అంటే 3 గంటల 20 నిమిషాలు. నాలుగు గేట్లు పెడితే 50 నిమిషాలు. బస్సులన్నీ వచ్చే ఇరవై నిమిషాల్లో అయిపోవాలంటే పది గేట్లు, పది గేట్లకీ మనుషులు. ఈలోపు బయట వరుసలో వందలమంది పిల్లలు నిలబడి ఉంటారు. విమానాశ్రయంలో మనం రెండు గంటలు ముందెళతాం, ఏడాదికి ఒకటి రెండుసార్లు. బడి రోజూ ఉంటుంది, ఏడాదికి 180 రోజులు. అందుకే చాలా స్కూళ్ళు కొనడం అయ్యాక రోజువారీ తనిఖీ మానేసి, అప్పుడప్పుడు ఎంపిక చేసిన పిల్లల్ని చూడడం అనే పద్ధతికి వచ్చేస్తాయి. లాస్ ఏంజెలెస్ 1993లో రెండు స్కూళ్ళలో జరిగిన కాల్పుల తర్వాత అలాగే మొదలుపెట్టింది. పాతికేళ్ళు నడిపాక, పిల్లల చదువు చెడిపోవడం, అవమానం తప్ప ఒరిగిందేమీ లేదన్న విమర్శలు పెరిగి 2019లో స్కూలు బోర్డు దాన్ని ఆపేస్తూ ఓటేసింది.

ఈ థ్రూపుట్ సమస్యకి పరిష్కారమంటూ వచ్చినవే ఇప్పటి కొత్త యంత్రాలు. ఏఐ అన్న పేరుతో అమ్ముతున్నారు. సంచి దించక్కర్లేదు, ఆగక్కర్లేదు, నడుచుకుంటూ వెళ్ళిపోవచ్చు, ఆయుధమైతేనే మోగుతుంది అన్నది వాళ్ళ మాట. న్యూయార్క్ రాష్ట్రంలోని యుటికా పట్టణం ఇలాంటివి తన స్కూళ్ళన్నిటికీ కొంది, సుమారు 37 లక్షల డాలర్లు పెట్టి. కంపెనీ పేరు ఇవాల్వ్. 2022 అక్టోబర్లో అక్కడి హైస్కూల్లో ఒక విద్యార్థిని ఇంకొకడు కత్తితో పొడిచాడు. ఆ కత్తి ఆ యంత్రంలోంచే వెళ్ళింది. సరే, సున్నితత్వం పెంచుదామని పెంచారు. అప్పుడు సగం అలారాలు ఉత్తుత్తివే అయ్యాయి. 2024 నవంబర్లో కేంద్ర వాణిజ్య సంఘం, కంపెనీ చేసిన ప్రచారం మోసపూరితమని కేసు పెట్టింది. రుజువుల్లేకుండా అలాంటి గొప్పలు చెప్పకూడదనీ, కొన్ని స్కూళ్ళకు కాంట్రాక్టు రద్దు చేసుకునే అవకాశమివ్వాలనీ రాజీ కుదిరింది. పిల్లల లాప్‌టాప్‌ని ఆయుధమనుకునే యంత్రం అది. ఇప్పుడు ప్రతి స్కూల్లో ప్రతి పిల్లాడి సంచిలోనూ ఉండేది లాప్‌టాప్!

ఇది ఆ కంపెనీ ఒక్కదాని దోషమే అనుకోకండి. ఏ డిటెక్టరుకైనా ఉన్న తిప్పలే. గేటు బిగిస్తే ఉత్తుత్తి అలారాలు, వదులు చేస్తే కత్తి దాటిపోతుంది. రెండువేల మందిలో పదిశాతం ఉత్తుత్తివనుకుంటే రోజుకి 200, ఏడాదికి 36,000. మనలో ఆన్‌కాల్ చేసినవాళ్ళకి తెలుసు, రోజుకి రెండొందల అలర్టులు పంపే మానిటరింగ్ సిస్టమ్‌కి మూడో వారం ఏం గతి పడుతుందో. చూడకుండానే మూసేస్తాం. గేటు దగ్గర గంటకింత అని జీతానికి నిలబడ్డవాడు కూడా మనిషే.

కెమెరాల కథ వేరే. 2025 జనవరి 22న నాష్‌విల్‌లోని ఆంటియాక్ హైస్కూల్ కెఫెటేరియాలో ఒక విద్యార్థినిని తోటి విద్యార్థి కాల్చి చంపాడు. ఆ స్కూల్లో తుపాకీని గుర్తుపట్టే ఏఐ కెమెరాలున్నాయి. వాడు నిలబడ్డ చోటుకి, తుపాకీ కనబడేంత దగ్గర్లో కెమెరా లేదు, గుర్తుపట్టలేదు. అదే ఏడు అక్టోబర్ 20న బాల్టిమోర్ దగ్గర ఇంకో హైస్కూల్లో అలాంటి వ్యవస్థే ఒక కుర్రాడి చేతిలోని చిప్స్ ప్యాకెట్‌ని తుపాకీ అనుకుంది. భద్రతా విభాగం వాళ్ళు అది తప్పుడు అలారమని కొట్టేశారు, కానీ ఆ కబురు అందాల్సిన చోటికి అందలేదు. పోలీసులు తుపాకులు గురిపెట్టి పిల్లాడికి బేడీలు వేశారు. వాడి తప్పల్లా ప్రాక్టీసయ్యాక ఆకలేసి చిప్స్ తినడం.

మరి అసలు తుపాకులు దొరికేదెలా? 2002లో అమెరికా సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. అధ్యక్షుడికి కాపలా కాసేవాళ్ళు కదా, దాడి చేసేవాడు ముందు ఎలా ప్రవర్తిస్తాడో చదవడం వాళ్ళకి వృత్తి. 1974 నుంచి 2000 దాకా బళ్ళలో జరిగిన 37 దాడుల్ని, వాటికి పాల్పడ్డ 41 మందిని చదివారు. నూటికి 81 దాడుల్లో కనీసం ఒక్కరికైనా సంగతి ముందే తెలుసు. ఆ తెలిసినవాళ్ళు దాదాపు ఎప్పుడూ స్నేహితులో, క్లాస్‌మేట్లో, తోబుట్టువులో. నూటికి 68 మంది తుపాకీ తెచ్చుకుంది సొంతింటి నుంచో చుట్టాలింటి నుంచో.

ఈ రెండంకెలూ చూశాక తర్వాత జరిగినవన్నీ వేరేగా కనబడతాయి. 2021 నవంబర్ 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు. పొద్దున్న ఒక పిల్లాడి కాగితం మీద తుపాకీ బొమ్మ, సాయం చెయ్యమన్న మాటలు చూసి టీచరు భయపడి పైకి చెప్పింది. తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళలేదు. తుపాకీ కొనిచ్చిన సంగతి చెప్పలేదు. సంచి ఎవరూ తెరవలేదు. క్లాసుకి తిరిగి పంపారు. ఆ మధ్యాహ్నం నలుగురు విద్యార్థులు పోయారు. 2024లో ఆ తల్లిదండ్రులిద్దరికీ శిక్ష పడింది. 2023 జనవరి 6న వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేళ్ళ పిల్లాడు టీచర్ని కాల్చాడు. వాడి దగ్గర తుపాకీ ఉందని ఆ రోజంతా ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు.

అపలాచీ సంగతి చూడండి. ఆ పిల్లాడి పేరు మీద 2023లోనే ఆన్‌లైన్ బెదిరింపుల గురించి ఎఫ్‌బీఐకి సమాచారమొచ్చింది, పోలీసులు ఇంటికెళ్ళి తండ్రీకొడుకులతో మాట్లాడారు కూడా. ఆ తర్వాతే తండ్రి వాడికి పండక్కి రైఫిల్ బహుమతిగా ఇచ్చాడు. కాల్పుల రోజు పొద్దున, సుమారు అరగంట ముందు, తల్లి స్కూలుకి ఫోన్ చేసి హెచ్చరించింది. సమాచారం వచ్చింది. మోసుకెళ్ళే దారి లేక మధ్యలో ఆగిపోయింది. 2025లో జార్జియా తెచ్చిన స్కూలు భద్రత చట్టంలో పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వ్యవస్థ, పిల్లాడు స్కూలు మారితే రికార్డులు త్వరగా పంపడం లాంటివి పెట్టింది అందుకే. కొలంబైన్ తర్వాత కొలరాడో వాళ్ళు ఇలాంటిదే సేఫ్‌టుటెల్ అన్న పేరుతో 2004లో మొదలుపెట్టారు. గుమ్మంలో గేటులా ఇది కంటికి కనబడదు, రిబ్బను కత్తిరించడానికి ఫొటోకి పనికిరాదు.

ఇవన్నీ చదివాక నాకర్థమైంది ఇది. గేటు ఒక సమస్యకి మంచి సమాధానం. పిల్లలు భయంతో రోజూ ఆయుధాలు తెచ్చుకునే చోట అది ప్రాణాలు కాపాడుతుంది. అలాంటి స్కూలుకి వద్దనడానికి నేనెవణ్ణి? కానీ మనం అడుగుతున్నది ఆ సమస్యకి కాదు. టీవీలో చూసిన మారణకాండని ఆపమని అడుగుతున్నాం. దాన్ని ఆపింది జరిగినప్పుడల్లా చాలావరకు ఒక పిల్లో పిల్లాడో పెద్దవాళ్ళకి వచ్చి చెప్పడం. చట్టం చేసి అన్ని స్కూళ్ళకీ గేట్లు తప్పనిసరి చేస్తే, ఆ డబ్బు కౌన్సెలర్ల జీతాల్లోంచి రాదని ఎవరైనా హామీ ఇస్తారా? గుండు కుడివైపే ఉందన్న డాక్టరు గుర్తున్నాడు కదా.

నిన్న అక్కకి ఫోన్ చేసి ఈ 81 శాతం లెక్క చెప్పాను. అవతల్నుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లిగా, "ఒరేయ్, పోయినేడు ఇది స్కూల్నుంచొచ్చి చెప్పిందిరా. ఎవరో కుర్రాడు లంచ్‌లో కూర్చుని పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడట, మా నాన్న గన్ను ఎక్కడుందో నాకు తెలుసు అన్నాడట. మనకెందుకమ్మా, నువ్వు నీ చదువు చూసుకో, మన వీసాలూ మన గొడవలూ మనకున్నాయి, పోలీసులూ అదీ అంటే తలనొప్పి అన్నాను. మళ్ళీ అదెప్పుడూ నాతో స్కూలు సంగతులు చెప్పలేదు" అంది.

ఏమీ జరగలేదు. ఆ పిల్లాడు వాళ్ళ ఊరొదిలి వెళ్ళిపోయాడట. అక్క ఒక్కతే కాదు, ఆ మాట అనని తెలుగిల్లు ఎక్కడుంది చెప్పండి? "మనకెందుకొచ్చిన గొడవ" అన్నది మనం పాలతోపాటు తాగిందే. నన్నూ అలాగే పెంచారు. కాలేజీలో ర్యాగింగు చూసి తలొంచుకుని పోయినప్పుడూ నా తలలో మోగింది అదే మాట. అదే నివేదిక రాసినవాళ్ళు 2008లో ఇంకోటి రాశారు, ముందే తెలిసిన పిల్లలు ఎందుకు చెప్పరని. చెబితే పెద్దవాళ్ళు పట్టించుకుంటారన్న నమ్మకం ఉన్నచోట చెబుతారు, మనకే చీవాట్లు పడతాయనుకున్నచోట చెప్పరు అన్నది దాని సారాంశం. ఆ నమ్మకం ఇంట్లో ఉండాలా, స్కూల్లో ఉండాలా అంటే, మొదలు ఇంట్లోనే.

బావగారు చివరికి "అవును" అనే పెట్టారు. కూతురి తండ్రి, ఆయన్ని నేను తప్పుపట్టను. కింద అభిప్రాయం రాసే పెట్టెలో మాత్రం నాతో రెండు వాక్యాలు రాయించుకున్నారు. జిమ్ పక్క తలుపు సంగతి చూడండి అన్నది ఒకటి. పిల్లలు వచ్చి చెబితే వినడానికి మా స్కూల్లో ఎంతమంది కౌన్సెలర్లున్నారు అన్నది రెండోది.

అక్క మాత్రం రాత్రి కూతురి గదిలోకి వెళ్ళి కూర్చుందట. "అప్పుడలా అన్నాను, తప్పు నాదే. ఈసారి ఏదైనా వింటే నాకు చెప్పు, నేనే స్కూలుకొచ్చి మాట్లాడతాను" అందట. మేనకోడలు ఫోన్ పక్కన పెట్టి, "ప్రామిస్?" అని అడిగిందట.

మీ ఇంట్లో బడికెళ్ళే పిల్లలుంటే, వాళ్ళు ఆఖరిసారి ఏదైనా వచ్చి చెప్పినప్పుడు మీరేమన్నారో ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి.